చర్బి డాక్టర్ హిస్సా

పోయిన నెల గొర్లకు పెట్టే పల్లిచెక్క కొనటానికి కామారెడ్డి గంజుకు పోయిన. బస్తా తూకం ఏపిస్తుంటే ఎవరో ఎనుకకెళ్లి నా భుజం పట్టుకున్నరు. మళ్లి చూస్తే మా ఎల్లారెడ్డి పశువుల దవాఖానల అప్పట్ల కాంపౌండర్‌గ చేసిన ముసలాయన. బాగున్నవా అంటె బాగున్నవా అనుకున్నమో లేదో, "గఫూర్ భాయ్, మన చర్బి డాక్టర్ పోయిండంట" అన్నడు. రిటైరయినంక ఆంధ్రా దిక్కు వాళ్ల ఊర్లనే ఉంటుండె, అక్కడనే పోయిండట. అంతకంటె ఎక్కువ ఆయనకూ తెలవదు.

నేనేం జవాబిచ్చిన్నో యాదికి లేదు. సీదా పోయి బస్సుల కూసున్న. తాడ్వాయి దాటినంక గుర్తుకొచ్చింది, చెక్క బస్తా గంజులనే ఉండిపాయె. ఉత్త చేతులతోని ఇంటికొస్తే మా ఆమె నవ్వింది, బజారుకు షికారు పోయినవా అని. సంగతి చెప్పిన. నవ్వు ఆపి కొంగు తల మీదికి లాక్కుంది. "ఎల్లిగడ్డ డాక్టరా?" అని మెల్లగ అడిగింది. మా ఇంట్ల ఆ ఒక్క మనిషికి రెండు పేర్లు. దుకాణంల చర్బి డాక్టర్, వంటింట్ల ఎల్లిగడ్డ డాక్టర్. అసలు పేరు మేం ఒక్కనాడు పలికింది లేదు. ఇప్పుడు పలికితే ఎవరో వేరే మనిషి అనిపిస్తది, గందుకే ఇక్కడ రాస్తలేను.

మాది మటన్ దుకాణం. మా అబ్బాజాన్ కాలం నుంచి ఎల్లారెడ్డి బజార్ల అదే జాగల ఉన్నది. డాక్టర్ సాబ్ పశువుల దవాఖానకు కొత్తగ బదిలీ మీద వచ్చిన రోజులల్ల ఒక ఆదివారం పొద్దున, దుకాణం ముంగట జనం కిటకిటలాడుతున్నరు. ఇస్త్రీ అంగి, నుదుటి మీద సన్నటి కుంకుమ బొట్టు, సంకల గొడుగు, ఒక బక్క మనిషి వచ్చి పక్కకు నిలబడ్డడు. ఏం అడుగుతలేడు, ముంగటికి వస్తలేడు. కొక్కేనికి ఏలాడుతున్న పొట్టేలు దిక్కే చూస్తుండు. మొహమాటస్తుడేమో అని నేనే పిలిచిన, ఎంత కావాలె సార్ అని.

"నాకేమీ వద్దండి, గఫూర్ గారూ. ఆ మూత్రపిండం చుట్టూ ఉన్న కొవ్వు ఒక్కసారి నొక్కి చూడనిస్తారా?" అన్నడు.

దుకాణంల ఉన్నోళ్లంత ఒక్కసారే నవ్విండ్రు. కొవ్వు నొక్కుతా అన్నందుకు కాదు, ఆ 'గారు'కు. అప్పటికి నాకు ముప్పై దాటినయి. కటికె గఫూర్ అన్నోళ్లున్నరు, గఫూర్‌గా అన్నోళ్లున్నరు, ప్రేమ ఉన్నోళ్లు భాయ్ అన్నరు. నా పేరుకు గారు తగిలించిన మొదటి మనిషి ఆయననే. ఎగతాళి చేస్తుండా అని మొహంలకు చూసిన. లేదు. ఆయన గొల్లోళ్లను గారు అంటడు, హోటల్ల గ్లాసులు కడిగేటోణ్ణి గారు అంటడు, అది ఆయన నోటికి పడ్డ మాట. కాని ఆ పొద్దు నాకు అదంత ఏం తెలుసు? కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, రండి సార్ అని లోపలికి పిలిచిన.

ఆయన బొటనవేలుతోని గుర్దా చుట్టు చర్బిని నొక్కిండు. వేలు తీసి ఆ గుంత ఎట్ల నిండుకుంటదో చూసిండు. ఆ వేలును వాసన చూసిండు. జేబులకెళ్లి రుమాలు తీసి తుడుచుకున్నడు. ముక్కు మీదికి జారిన అద్దాలను మణికట్టుతోని పైకి నెట్టుకున్నడు, వేళ్లకు చర్బి ఉన్నది గద. అటెనక అడిగిండు, ఇది చిన్నప్పుడు ఏం తిన్నదండీ అని. నాకు నవ్వొచ్చింది. మాచారెడ్డి గొల్లోళ్ల మందలకెళ్లి తోలుకొచ్చిన పొట్టేలు, ఏం తిన్నదో దానికే తెలుసు సార్ అన్న. ఆయన నవ్వలేదు. దానికి తెలుసు కనకనే ఇక్కడ చెబుతోంది, మనకు చదవడం రావాలంతే అన్నడు. గొడుగు సంకల పెట్టుకుని పోయిండు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం. ఆయన మాంసం ముట్టడు, గుడ్డు సుత తినడు. పొద్దుగాల్నే తానం చేసి, పూజ చేసుకుని, బొట్టు ఆరక ముందే నా దుకాణంల ఉంటడు. వస్తడు, నొక్కుతడు, వాసన చూస్తడు, ఏం తిన్నదని అడుగుతడు, పోతడు. కొనని గిరాకీ వచ్చిండురో అని మా గల్లీ పోరగాండ్లు చూడనీకి మోపైతుండ్రి. చర్బి డాక్టర్ అన్న పేరు ఎవరు పెట్టిండ్రో తెలవదు గని, నెల తిరగకముందే ఊరంత పాకింది. ఆయన చెవుల సుత పడ్డది. కోపం రాలేదు. తప్పేముందండీ, నేను చూసేది అదేగా అన్నడట.

మొదట్ల నాకు చిరాకే ఉండె. గిరాకీ జోరుమీద ఉన్నప్పుడు ఈయన గుర్దా పట్టుకుని నిలబడతడు, కార్జం మర్లేసి చూస్తడు, తూకం ఆపుమంటడు. ఒకసారి ఒక పెద్దమనిషి తొడముక్క కావాలంటె, ఆగండి అది ఇంకా చూడలేదు అని చెయ్యి అడ్డం పెట్టిండు. ఆ పెద్దమనిషి గరమై పక్క దుకాణానికి పోయిండు. మొండి మనిషి. ఇంకో అలవాటుండె, ఎవరినీ మెచ్చుకోడు. ఎంత మంచి మాల్ చూపెట్టినా 'పర్వాలేదు' అంటడు. బాగుంది అన్న మాట ఆయన నోట్లకెళ్లి వినాలని నేను శానా ఏండ్లు చూసిన.

కాని మెల్లమెల్లగ నాకు ఆదివారం ఆయన రాకపోతే తోచకపోయేది. గిరాకీ సద్దుమణిగినంక గంప బోర్లేసి కూసునేటోడు, పక్క హోటల్ల ఛాయ్ తెప్పిస్తే తాగుకుంట చెప్పేటోడు. గొర్రెపిల్ల ముందు బొక్క పెంచుతదంట, అటెనక కండ, కొవ్వు ఆఖరుకు. ఆ కొవ్వుకు సుత ఒక వరుస ఉన్నదంట. ముందు గుర్దా చుట్టు, పేగుల చుట్టు చేరుతది. అటెనక తోలు కింద. కండ లోపలికి, తినేటోనికి రుచి తెచ్చే జాగకు, అన్నిటికంటె ఎనుక పోతది. పాలు మరిచిన పిల్లకు దాణాల మనం ఏం కలిపి పెడతమో, దాన్ని బట్టి ఈ వరుస జర అటు ఇటు అయితదంట. అది ఎట్ల అయితదో పట్టుకోవాలని ఆయన ధ్యాస. లావుగా కనపడగానే బలమనుకుంటారండీ, లోపల కార్జం ఏమంటోందో ఎవ్వరూ అడగరు అనేటోడు. అట్ల అన్నప్పుడు మాత్రం ఆయన గొంతు జర లేచేది.

నా కొట్టంల ఎప్పుడూ కొన్ని గొర్రెపిల్లలను మేపుతుంటి. ఒకనాడు అడిగిండు, సగం పిల్లలకు తవుట్ల వెల్లుల్లి, మెంతులు దంచి కలుపుదామా, మిగిలిన సగానికి ఉత్త తవుడు పెడదాం అని. చర్బి పేరుకునుడు తగ్గుతదేమో చూడాలంట. ఎల్లిగడ్డ ఆయననే తెచ్చిండు. దంచుడు మా ఆమెకు పడ్డది. రోజూ పొద్దుగాల రోట్ల ఎల్లిగడ్డ దంచి దంచి, ఆమె చేతులకు వాసన పోతలేదు, కొట్టం వాసన, ఇల్లు వాసన. "మీ డాక్టర్ బతికుండంగనే మసాలా పెడుతుండు, ఇగ కోసి పొయ్యి మీద ఏసుడే తక్కువ" అని సణిగేది. వంటింటి పేరు గట్ల వచ్చింది. ఆ పిల్లలు పెరిగి దుకాణానికొచ్చినంక ఒక్కొక్కటి నొక్కి చూసిండు. ఎల్లిగడ్డ తిన్నోటికి గుర్దా కాడ చర్బి జర పలచగ కనపడ్డది. నాకు సంబురమైంది. పని చేసింది గద సార్ అన్న. మీ కొట్టంలో నాలుగు పిల్లల్ని చూసి తేల్చేస్తే నన్ను డాక్టరని పిలవకూడదండీ అన్నడు. మా ఆమెకు మాత్రం చేతులెత్తి దండం పెట్టి, అమ్మా మీ కష్టం ఊరికే పోదు అని చెప్పిండు. ఆ మాటకు కొత్త పిల్లల కోసం ఇంకొక నెల దంచింది పిచ్చిది.

ఇగ ఖాలా సంగతి చెప్పాలె. ఆమె గురించి చెప్పకుంటె ఆయన గురించి చెప్పినట్టే కాదు.

మా గల్లీల అందరికీ ఆమె ఖాలానే, చిన్నమ్మ లెక్క, నాకు సుత. భర్త లేడు, ఒక్కడే కొడుకు. గల్ఫ్‌కు పోవుడు అప్పుడప్పుడే జోరందుకున్న కాలం. కొడుకు అక్కడ కట్టడం పని మీద పోయి, పైకెళ్లి పడి, శానా రోజులు దవాఖానల ఉన్నడు. బతుకుతడో లేదో అనుకున్నం. బతికిండు, లేచి నడిచిండు. ఆ ఖబర్ వచ్చిన నాడు ఖాలా మొక్కు లెక్క ఒక నియ్యత్ చేసుకున్నది. వచ్చే బక్రీద్‌కు కుర్బానీ ఇచ్చే పొట్టేలును బజార్ల కొనొద్దు, పాలు మరిచిన పిల్లను తెచ్చి తన చేతులతోని పెంచి ఇయ్యాలె అని. నన్నే అడిగింది, మంచి పిల్లను చూసి తెమ్మని. మాచారెడ్డి మందలకెళ్లి తెల్లటి పిల్లను తెచ్చిచ్చిన. మెడకు పచ్చదారం కట్టింది, షహజాదా అని పేరు పెట్టింది. మా కొట్టంలనే ఉంచుమన్నది, ఆమె ఇంట్ల జాగ లేదు. రోజూ వచ్చి తన చేతితోనే మేపుకునేది.

అట్ల మా కొట్టంల గల్లీ వాళ్లవి ఇంకా కొన్ని కుర్బానీ పిల్లలు ఉండె. ఒక్కొక్క ఇంటి పిల్లకు ఒక్కొక్క రంగు దారం. సాయంత్రమైతే ఆడోళ్లంత కొట్టం కాడికి వచ్చేటోళ్లు. కుర్బానీ జీవానికి తన చేతితోని పెట్టుడు పుణ్యమని మావోళ్ల నమ్మకం. ఆ పుణ్యం కాడనే వచ్చింది తంటా. ఖాలా కొడుకు పంపిన పాలపొడి డబ్బాలు ఇంట్ల ఉండె, కామారెడ్డి బెల్లం ఉండనే ఉన్నది. ఆమె జొన్నరొట్టె నలిపి, బెల్లం కలిపి, నెయ్యి పోసి మలీదా చేసింది. మేం దర్గా కాడికి పోయినప్పుడు, పీర్ల పండుగకు చేసుకునే మలీదా. దాంట్ల పాలపొడి చల్లి షహజాదాకు పెట్టింది. పిల్ల ఎగబడి తిన్నది. కొన్ని రోజులల్ల నున్నగ, గుండ్రంగ అయ్యింది. చేయి పెడితే జారిపోతుండె. అది చూసి పక్కింటామె తన పిల్లకు మలీదా తెచ్చింది. గల్లీ చివరి దర్జీ వాళ్లు ఇంకింత నెయ్యి ఎక్కువ పోసిండ్రు. ఒకళ్లను చూసి ఒకళ్లు. పిల్లలు గడ్డి దిక్కు చూసుడు బందు చేసినయి. నేను సుత వద్దనలేదు. పిల్లలు లావైతుంటె ఎవరు వద్దంటరు, పైగా వాళ్లది ప్రేమ.

డాక్టర్ సాబ్ ఆ నెలల ట్రైనింగని ఎక్కడికో పోయి ఉండె. ఆయన వచ్చేవరకు దర్జీ వాళ్ల పిల్ల మేత మానేసి, తల వాల్చి, ఒక పొద్దటికి పోయింది. అదే నాడు షహజాదా మలీదా ముట్టలేదు. ఖాలా ఒళ్లోకి తీసుకుని బతిమిలాడింది, నోరు తెరువలేదు. బక్రీద్ ఇంకా కొంచెం దూరం ఉండె. ఇంకో పొట్టేలు కొనుడు నిమిషం పని, కాని ఆమె నియ్యత్ ఏం కావాలె?  ఖాలా కొట్టం గుంజకు ఆనుకుని కూసున్నది. 

డాక్టర్ సాబ్ బస్సు దిగంగనే పోయి తోలుకొచ్చిన. దర్జీ వాళ్ల పిల్లను దుకాణం ఎనుక కోసి తెరిపిచ్చిండు. నలుగురైదుగురం మొగోళ్లం చుట్టు నిలబడ్డం. గుర్దాలు చర్బిల మునిగి కనపడుతనే లేవు. కార్జం ఉండాల్సిన రంగు లేదు, పసుపుపచ్చగ, ఉబ్బి, ఏలు పెడితే చిట్లిపోయేటట్టు ఉన్నది.  డాక్టర్ సాబ్ ఒక గిన్నెల నీళ్లు అడిగిండు. కార్జంల చిన్న ముక్క కోసి నీళ్లల్ల ఏసిండు.

ముక్క తేలింది. నేను ఎన్ని వేల కార్జాలు కోసిన్నో లెక్క లేదు, నీళ్లల్ల తేలే కార్జం ఎన్నడూ చూడలేదు. నా దుకాణంల ఉన్న మంచి కార్జంలకెళ్లి ఇంకో ముక్క తెప్పిచ్చి ఏసిండు. అది రాయిలెక్క అడుగుకు పోయింది. రెండూ ఒక్క గిన్నెలనే, ఒకటి పైన, ఒకటి కింద. 

అప్పుడు నిమ్మళంగ చెప్పిండు. గొర్రె కడుపుల గడ్డిని అరగదీసే సన్నటి జీవాలు ఉంటయంట, కంటికి కనపడవు. నెయ్యి, బెల్లం ఎక్కువైతే అవి సచ్చిపోతయి. గడ్డి అరగదు, నెమరు ఆగిపోతది, పిల్ల మేత మానేస్తది. మేత మానేస్తే ఒంట్ల దాచుకున్న కొవ్వంత కరిగి కార్జం మీదికొచ్చి పడుతది. లావు పిల్లకే ఎక్కువ ప్రమాదం, దాని కాడ కొవ్వు ఎక్కువ గద. కార్జం మాత్రం ఎంతని మోస్తుందండీ అని గిన్నెల తేలుతున్న ముక్క దిక్కు చూసిండు.

గిన్నె సంగతి గల్లీల పాకుడుకు ఎంతసేపు. మేం కొట్టం కాడికి పోయేవరకు ఖాలా లేచి నిలబడి ఉన్నది. ఆమె మాట సగం ఉర్దూ, సగం తెలుగు. నేను మధ్యల మాట కలిపి సర్ది చెప్పబోయిన, ఎండ దెబ్బ ఖాలా, గాలి సోకింది ఖాలా అని ఏదో ఒకటి. ఆమె నన్ను చేతితోని ఆపి, సీదా ఆయననే అడిగింది.

"డాక్టర్ బేటా, నా చేతితోనే అయ్యిందా ఇది?"

 ఎవరైనా లేదంటరు. నేనైతే ఖురాన్ మీద ఒట్టేసైనా లేదంటుంటి. ఆయన అద్దాలు మణికట్టుతోని నెట్టుకున్నడు.

"అవును ఖాలా, మీ చేత్తోనే అయింది. మీ చేత్తోనే బాగవ్వాలి. నేను మందిస్తాను, తాగించేది మాత్రం మీరే" అన్నడు.

ఆమె ఏడ్వలేదు. కొంగు నడుముకు చుట్టి, ఏం చెయ్యాల్నో చెప్పు అన్నది. ఆ మాట విన్నంక నాకు ఆయన మీద ఉన్న ఇజ్జత్ పదింతలయ్యింది. అబద్ధం చెప్పి ఓదార్చినోళ్లను శానామందిని చూసిన. నిజం చెప్పి చేతికి పని ఇచ్చినోణ్ణి ఆయననే చూసిన.

మందు ఏందో విన్నంక అందరం గతుక్కుమన్నం. కామారెడ్డి నుంచి తెప్పిచ్చిన సూదిమందు ఒకటి. కాని అసలు మందు నా దుకాణంలనే ఉన్నదంట, రోజూ నేను పారబోసేది. మంచిగ గడ్డి మేసిన పొట్టేలును కోసినప్పుడు, బోటి కడిగేముందు దాని పొట్టలకెళ్లి పోయే ఆకుపచ్చ రసం. దాంట్ల ఆ కంటికి కనపడని జీవాలు బతికుంటయి. వెచ్చగ ఉండంగనే వడగట్టి తాగిపిస్తే, షహజాదా కడుపుల మళ్ల పుడతయి. ఖాలా నా దిక్కు చూసింది. కుర్బానీ జీవానికి ఇదేంది, పాకీజాగ, శుద్ధంగ ఉంటదా అని ఆమె శంక. ఆయన కోపం చేసుకోలేదు, నా మాట నమ్ముమనలేదు. మీ పెద్దవారిని అడుగుదాం పదండి అని, నన్ను ఎంబడి తోలుకుని మజీదు కాడికి వచ్చిండు. చెప్పులిడిచి, బయట మెట్టు మీద కూసుని, మౌల్సాబ్‌కు అంత చెప్పిండు. మౌల్సాబ్ శానా సేపు ఆలోచన చేసి, మందు లెక్కనే ఇయ్యండి, బాగైనంక కొన్ని రోజులు సాఫ్ మేత మేపి అటెనక కుర్బానీ చెయ్యండి అన్నడు. ఇద్దరూ చేతులు జోడించుకున్నరు. పశువుల సంగతి మజీదు మెట్ల మీద కూసుని అడిగిన డాక్టర్‌ను మా ఊర్ల మళ్ల చూడలేదు.

తెల్లారి నేను గడ్డి మేసిన పొట్టేలు కోసం మాచారెడ్డి గొల్లోళ్ల ఎనుక పడ్డ. ఇది ఏం మేసింది, దాణా ఏమన్న పెట్టిండ్రా, ఎన్ని దినాలకెళ్లి బయట మేస్తుంది అని గుచ్చి గుచ్చి అడుగుతుంటె, గొల్ల మల్లయ్య నవ్విండు. ఏం తిన్నదో దానికే తెలుసు భాయ్ అన్నడు. నా మాట నాకే అప్పజెప్పిండు.

పొట్టేలును కోసిన పొద్దున, డాక్టర్ సాబ్ ప్యాంటు మోకాళ్ల దాక మడిచి, అంగి చేతులు పైకి జరిపి, నా పక్కన గొంతుకూసున్నడు. నుదుటి మీద బొట్టు ఇంకా తడిగనే ఉన్నది. మాంసం తినని మనిషి, మా పోరగాండ్లే మొహం తిప్పుకునే ఆ పొట్టను తెరిచి, రెండు చేతులు పెట్టి రసం పిండిండు. మల్లుగుడ్డల వడగట్టిండు. చల్లారొద్దు గద, దేంట్ల పొయ్యాలె అని నేను చుట్టూ చూస్తుంటె, సంచిలకెళ్లి ఫ్లాస్కు తీసిండు. వాళ్ల ఇంట్ల కాఫీ పోసుకునే ఫ్లాస్కు. అమ్మగారు చూస్తే ఏమంటరు సార్ అన్న. చూడకముందే పోసేద్దాం పదండి అన్నడు. ఆ ఫ్లాస్కును అమ్మగారు మళ్ల ఇంట్లకు రానియ్యలేదట. కొత్తది కొనేదాక కాఫీ చల్లగనే తాగిండట పాపం.

ఖాలా షహజాదాను ఒళ్లో పెట్టుకుని కూసున్నది. ఆయన చూపెట్టిన తీరుగ, నోటి పక్కకెళ్లి గాజుసీసా మూతి పెట్టి, మింగిందాక ఆగి, కొద్దికొద్దిగ పోసింది. కొంగు నిండ ఆకుపచ్చ మరకలు. నమాజు ఏళ అయినప్పుడల్ల పోయి, తానం చేసి, బట్టలు మార్చుకుని చదువుకుని, మళ్ల పాత బట్టలేసుకుని వచ్చి కూసునేది. ఆయన దవాఖాన పని కాంగనే వచ్చి, పిల్ల ఎడమ డొక్కకు చెవి ఆనిచ్చేటోడు. గుండె చప్పుడు వినే మిషిని మెడల ఉన్నా చెవితోనే వినేటోడు. లోపల గుడగుడ ఉన్నదా లేదా అని. లేదు. తెల్లారి మళ్ల రసం, మళ్ల చెవి. మిగిలిన ఇండ్ల పిల్లలు మలీదా బందు చెయ్యంగనే తేరుకున్నయి. షహజాదానే లేస్తలేదు. నేను లోలోపల ఆశ ఇడిచిపెట్టిన. ఆయనతోని అన్న సుత. ఖాలా వింటారు, నెమ్మదిగా అనండి అని కసిరిండు. ఆయన నన్ను కసిరింది అదొక్కసారే.

ఒక మధ్యాహ్నం ఎండ చుర్రుమంటుంది. డాక్టర్ సాబ్ డొక్కకు చెవి ఆనిచ్చి కళ్లు మూసుకుని ఉన్నడు. ఖాలా చెయ్యి ఎత్తి నన్ను కదలొద్దని సైగ చేసింది. పిల్ల గొంతుల ఒక ఉండ కింది నుంచి మీదికి ఎక్కింది. దవడ ఒక దిక్కుకు కదిలింది. ఆగింది. మళ్ల కదిలింది. నెమరేస్తుంది. ఆయన చెవి తీయలేదు, అట్లనే ఉండి ఖాలా దిక్కు చూసిండు. ఖాలా ఆయన దిక్కు చూసింది.  నేను ఊకె అల్లా అల్లా అనుకుంట కొట్టమంత తిరిగిన.

బక్రీద్ వచ్చేవరకు షహజాదా మునుపటంత లావు లేదు. గట్టిగ, చురుకుగ, గడ్డికి గుద్దులాడే పొట్టేలయ్యింది. కుర్బానీ నేనే చేసిన, ఖాలా పక్కన నిలబడ్డది. మావోళ్లు కుర్బానీ మాంసాన్ని మూడు హిస్సాలు, అంటె మూడు వంతులు చేస్తరు. ఒకటి ఇంటికి, ఒకటి చుట్టపక్కాలకు, ఒకటి పేదోళ్లకు. హిస్సాలు అయినంక ఖాలా కార్జం ముక్క ఒకటి పక్కకు తీసి, పోయి డాక్టర్ బేటాను పిలుచుకురా అన్నది. ఖాలా ఆయన తినడు గద అన్న. నాకు తెలవదా, నువ్వు పో అన్నది.

ఆయన ఇస్త్రీ అంగి తొడుక్కుని, గొడుగు పట్టుకుని వచ్చిండు. గడపల నిలబడి ఈద్ ముబారక్ చెప్పిండు. ఖాలా పీట ఏసింది, కూసోపెట్టింది. ముంగట సత్తుగిన్నెల నీళ్లు పెట్టింది. కార్జం ముక్కను రెండు వేళ్లతోని పట్టుకుని ఆయనకు చూపెట్టింది.

"ఇది నీ హిస్సా బేటా. తినేది కాదు, చూసేది" అన్నది. ముక్కను నీళ్లల్ల ఇడిచింది.

సీదా అడుగుకు పోయి కూసున్నది ముక్క. డాక్టర్ సాబ్ ముంగటికి వంగి శానా సేపు చూసిండు. అద్దాలు తీసి తుడుచుకున్నడు, మళ్ల పెట్టుకుని మళ్ల చూసిండు. ఆయన పర్వాలేదు అంటడని నేను కాసుకుని ఉన్న.

"బాగుంది ఖాలా" అన్నడు. 

ఆయన ఎల్లారెడ్డిల ఉన్నన్ని ఏండ్లు ప్రతి బక్రీద్‌కు ఆ హిస్సా ఆయనకు పోయింది. బదిలీ అయ్యి పోయినంక సుత ఖాలా మానలేదు. గిన్నెల నీళ్లు పెట్టి, ముక్క ఏసి, మునిగినంక డాక్టర్ హిస్సా అయ్యింది అని, అటెనకనే పొయ్యి ముట్టిచ్చేది. పోయేదాక చేసింది. ఆమె పోయినంక మా ఇంట్ల మేం పట్టించుకోలేదు, అట్లనే ఆగిపాయె.

కామారెడ్డిల ఆ ఖబర్ విన్నంక వచ్చిన ఆదివారం, గిరాకీ అంత పోయినంక, మా ఆమెను ఒక గిన్నెల నీళ్లు తెమ్మన్న. ఎందుకని అడుగలేదు, సత్తుగిన్నెనే ఏరి తెచ్చింది. ఆ నాటి పొట్టేలు గుర్దా చుట్టు బొటనవేలుతోని నొక్కిన. వాసన చూసిన. కార్జంలకెళ్లి ముక్క కోసి నీళ్లల్ల ఏసిన. మునిగింది. ఇద్దరం ఆడనే కూసున్నం. ఆ పొద్దు దుకాణం మూసేటప్పుడు ఆ గిన్నెను పారబోయలేదు, ఆయన కూసునే గంప బోర్లేసి దాని మీద పెట్టి వచ్చిన.